నా డ్రమ్ము కింద కోడి

నా నెల రోజుల శ్రమను మా పక్కింటి సింహాచలం పిన్ని ఈరోజు కోడిగూడు చేసేసింది. నీలం ప్లాస్టిక్ పీపాను రంపంతో కోసి, ఒక వైపు మేకతోలు బిగించి, నా డ్రమ్ సెట్‌కు పెద్ద డ్రమ్ము తయారుచేసుకున్నాను. తోలు ఆరాలని పెరట్లో పెడితే, తీసుకెళ్లి గుడ్లు పొదుగుతున్న పెట్ట మీద బోర్లించింది. పైగా తోలుకు మేకుతో మూడు కన్నాలు పొడిచింది!

“ఏటి పిన్నీ ఈ పని?” అని అరిచాను.

“కోడికి ఊపిరాడొద్దేట్రా? ఇరవై రోజులాగితే పిల్లలొచ్చేస్తాయి, అప్పుడట్టుకెళ్లు. అందాకా గిన్నెలు వాయించుకో.”

కళాకారుడి పనిముట్టుకు ఈ ఊళ్లో గంపకున్న విలువైనా లేదా? ఎల్లుండే గ్రంథాలయం దగ్గర మా బృందం తొలి ప్రదర్శన. అయినా గుడ్ల మీదున్న తల్లిని లేపడానికి నాకు చేతులు రాలేదు. మీరైతే ఏం చేసేవారు?

మిత్రులారా, రేపు సాయంత్రం ఐదింటికి మా పెరట్లో కలుద్దాం. ఒక ఖాళీ గంప, ఒక మేకతోలు తెండి. నినాదాలు మాత్రం వద్దు, కోడి బెదిరిపోతుంది.