సొట్ట గ్లాసు, బ్యాడ్ సెక్టారు

పొద్దున సొట్ట పడ్డ స్టీలు గ్లాసులో చాయ్ తాగుతుంటే ఇల్లందులో మా బొగ్గుగని క్వార్టర్ గుర్తొచ్చింది. బ్లాస్టింగ్ సైరన్ మోగగానే అమ్మలందరూ ఉరికి, పేలుడుకు ఇల్లదిరి అలమారలో గ్లాసులు పడకుండా అదిమి పట్టుకునేవాళ్లు. మీకూ గుర్తుందా?

తొంభైల్లో అన్నయ్య సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. కొన్నాళ్లకే, డిస్కులో చెడిన చోట్లు వెతికే స్కాన్‌డిస్క్ తెర మీది గళ్లలో 'బి'లు మొలిచాయి. 'బి' అంటే బ్యాడ్ సెక్టారు.

"హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంటదమ్మా. ఇల్లు అదిరితే పైనున్న ముల్లు తగిలి గీత పడ్తది. ఆడ ఇగ ఏం దాచుకోరాదు," అన్నాడు అన్నయ్య.

మర్నాడు సైరన్ మోగింది. అమ్మ గ్లాసుల్ని వదిలేసి, నడుస్తున్న సీపీయూను ఒక్క గుంజు గుంజి ఒళ్లో పెట్టుకుంది. గ్లాసులన్నీ దబదబా రాలిపడ్డాయి.

"పోనీ బిడ్డా! సొట్ట పడ్డా చాయ్ తాగొచ్చు. నీ పళ్లెం పైలంగుండాలె."

సాయంత్రం అన్నయ్య స్కాన్‌డిస్క్ పెడితే ఇంకో కొత్త 'బి'.

"అమ్మా, ఇది బ్లాస్టింగ్‌ది కాదే, నువ్వు గుంజిన గుంజుడుది!"