తమ్ముడి కత్తెరకు రెండో మందు

మా వీధిలో మొదటి కుట్టుమిషను నాది. పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని, పట్నంలో దుకాణం పెట్టి పెద్దపెద్ద ఆఫీసర్లకు కోట్లు కుట్టించాను. ఆ పేరంతా గుడ్డ కోత వల్ల వచ్చింది. కోత నా తమ్ముడిది. వాడి చేతికి కత్తెర ఇచ్చి నేర్పింది నేను. కాదనేవాళ్ళుంటే ఎదురుగా వచ్చి అనమనండి.

వాడికి స్కిజోఫ్రీనియా వచ్చింది. చెవిలో ఎవరెవరో గుంపులు గుంపులుగా మాట్లాడేవారట. డాక్టరు ఇచ్చిన మందుతో గుంపు చెదిరింది గానీ ఒక్క గొంతు మొండికేసింది. "కొలత తప్పింది, కొయ్యకు" అని అదే పాట. వాడు సుద్దతో గీసేవాడు, చెరిపేవాడు, కత్తెర కింద పెట్టేసేవాడు.

ఇదే అదనుగా వాడి బావమరిది కోతబల్ల మీద కన్నేశాడు. బొత్తాలు కుట్టడం నా దగ్గర నేర్చుకున్న ఘనుడు.

"బావకిక చేతకాదు వదినా. బల్ల నాకిచ్చెయ్యండి."

"నువ్వు కోసిన లాగూకి రెండు కాళ్ళూ ఒకవైపే తిరుగుతాయి. నోర్మూసుకుని కూర్చో!"

మందు మోతాదు పెంచినా ఆ గొంతు పోలేదు. డాక్టరు తమ్ముడితోనే సూటిగా చెప్పాడు: "ఇది ఉంచుదాం. దీనికి తోడు ఇంకోటి ఇస్తాను. పనిచెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. కొన్ని వారాలు చూసి, లాభం లేకపోతే రెండోది ఆపేద్దాం. రక్తపరీక్షలు మాత్రం మానొద్దు."

ఇంటికి రాగానే బావమరిది ఇకిలించాడు. "రెండు మందులా! అంటే పిచ్చి రెండింతలైందన్నమాట."

"కోటుకి లోపల అస్తరు వేస్తే పైగుడ్డ చిరిగిపోయిందనా అర్థం, మొద్దూ?"

మా పనిలో కొత్త సూది ఎక్కించామంటే పాతది పారేసినట్టే. తమ్ముడి పెళ్ళాం, నా మరదలు, మందుల విషయంలోనూ అదే చేసింది. కొత్తది మొదలుపెట్టి, పాతది ఆపేసింది. కొద్దిరోజులకే గుంపంతా తిరిగొచ్చింది. తమ్ముడు చెవులు మూసుకుని బల్ల కింద దూరాడు. వాడు కింద ఉండగానే బావమరిది టేపు తీసి పైన బల్ల పొడవు కొలుస్తున్నాడు! టేపు లాక్కుని వీధిలోకి విసిరేశాను.

"పాత మాత్రలేవే?" అని మరదలిని నిలదీశాను.

"కొత్తవొచ్చాయిగా వదినా..."

"తోడుగా ఇచ్చాడే తల్లీ! బదులుగా ఎవడిమ్మన్నాడు?"

అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పాతది మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాడు; రెండోదీ దాంతోపాటే సాగింది. గుంపు సద్దుమణిగింది. వారాలు గడిచాయి. మొండిగొంతు పోలేదు, కానీ కాస్త దూరంగా జరిగిందన్నాడు తమ్ముడు. వాడి కళ్ళు మగతగా ఉండేవి, ఒళ్ళు వచ్చింది. ఆ సంగతి కూడా డాక్టరు చెవిన వేశాం.

ఒకరోజు ఖరీదైన ఉన్నిగుడ్డ బల్ల మీద పరిచాను. బావమరిది గోడకానుకుని, "కొయ్యడులే, పందెం," అన్నాడు.

తమ్ముడు గీతలు గీశాడు. కత్తెర ఎత్తి ఆగిపోయాడు.

"ఏమంటోందిరా?"

"తప్పంటోందక్కా."

"నువ్వేమంటావు?"

వాడు టేపు ఇంకోసారి పరిచి చూసుకున్నాడు. "కొలత సరిగ్గానే ఉంది. అరుచుకోనీ."

కత్తెర కరకరమంటూ గుడ్డలోకి దిగింది. సగం దూరం వెళ్ళాక, తల ఎత్తకుండానే బావమరిదిని కేకేశాడు.

"ఒరేయ్, నువ్వు ఆనుకోకపోయినా గోడ పడిపోదు గానీ, ఇటొచ్చి గుడ్డ కొస పట్టుకో. జారిపోతోంది."

వాడు వచ్చి పట్టుకున్నాడు.