బాత్రూములో గడప

బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాక, నాకు స్నానం చేయించే పని కోడలి మీద పడింది. పిల్ల మంచిదే. వీపు మాత్రం ఇత్తడి బిందె తోమినట్టు తోముతుంది. కాల్లో రాడ్డు వేసిన డాక్టరు నడవమన్నాడు, నడుస్తున్నాను. స్నానం దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఎవరికీ నా మీద నమ్మకం లేదు. తలుపు గడియ పెట్టుకోనివ్వరు. ఈ వయసులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, కోడలు చేతులెత్తమంటే ఎత్తడం, దించమంటే దించడం. సిగ్గుతో ఏడుపొచ్చేది. తలమీద నీళ్లు పడుతున్నప్పుడు ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక్కటే సుఖం.

అసలు తప్పంతా నేలది. మా బాత్రూములో ఒక మూల స్నానం చేస్తే కమోడు దాకా, తలుపు దాకా తడే. అందుకే షవర్ మూలకు అడ్డంగా ఓ గట్టు కట్టిస్తే ఇవతల నేల పొడిగా ఉంటుందని, అప్పుడు నా స్నానం నేనే చేసుకుంటానని మా ఆయనతో పోట్లాడాను. "ముందుగాల గట్టు కానియ్యి, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన పెళ్లైనప్పటి నుంచీ తర్వాతే చూస్తున్నాడు.

పని జరిగినన్నాళ్లూ నేను కొత్తగూడెంలో మా చెల్లెలింట్లో ఉండి, కాలికి ఫిజియోథెరపీ చేయించుకున్నాను. అదే కొంప ముంచింది. చండ్రుగొండ నుంచి వచ్చిన మేస్త్రీ గట్టు ఎంత ఎత్తు కట్టాలని అడిగితే, మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "గడపంత" అన్నాడట.

ఏ గడపంత అని మేస్త్రీ అడగలేదు. ఎదురుగా మా వీధి గడప ఉంది కదా, అది చూసుకున్నాడు. మాది అడవి అంచు ఊరు. వానాకాలం పాములూ తేళ్లూ లోపలికి రాకూడదని మా మామగారు వేయించిన టేకు గడప అది, మోకాలికి కాస్త కింది దాకా వస్తుంది. కాలు విరిగిన దగ్గర్నుంచి నేను పెరటి తలుపు నుంచే రాకపోకలు సాగిస్తున్నాను.

తిరిగొచ్చి చూశాను. పని మాత్రం శుద్ధంగా చేశాడు, కాదనను. ఇటుక పేర్చి, సిమెంటు పూసి, అది ఆరాక వాటర్‌ప్రూఫ్ కోటింగును నేల మీద నుంచి గట్టు ఎక్కించి అవతలికి దించాడు. తూములో గుడ్డ కుక్కి నీళ్లు నిలబెడితే తెల్లారేసరికి కూడా చుక్క ఇవతలికి రాలేదట. పైన నల్ల గ్రానైటు రాయి, నీళ్లు లోపలికే జారేలా కొంచెం వాలుగా వేశాడు. నీళ్లు దాటలేవు. నేనూ దాటలేను.

"ఏంది మేస్త్రీ ఇది? స్నానానికి కట్టినవా, చెరువుకు కట్టినవా?"

"సారే గడపంత లేపుమన్నరమ్మా. గడపంతనే లేపిన."

మా ఆయనకు ఆ క్షణాన ఫ్యాను మీది దుమ్ము కనబడింది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"పగలగొట్టి తగ్గియ్యి" అన్నాను.

"పగలగొడితే కోటింగంత పోతదమ్మా. మళ్ల కిందికెల్లి చెయ్యాలె. కల్లూరుల ఇంకో ఇల్లు ఒప్పుకున్న, అది అయినంక వస్త."

ఇల్లు అవడమంటే ఏమిటో, మేస్త్రీ రావడమంటే ఏమిటో ఇల్లు కట్టుకున్న ఎవరినడిగినా చెబుతారు.

ఇంట్లో అందరూ దాన్ని గడప అనే పిలవడం మొదలుపెట్టారు. శుక్రవారం కోడలు వీధి గడపకు పసుపు రాసి, గిన్నెలో మిగిలింది తెచ్చి దీనికీ రాసింది. బొట్లు కూడా పెట్టింది.

"ఇదేందే?" అన్నాను.

"గడప గదా అత్తమ్మా, ఉత్తగ ఎట్ల ఉంచుతం?"

గడప తొక్కకూడదు, గడప మీద కూర్చోకూడదు అని ఆ పిల్లకు నూరిపోసింది నేనే.

మా ఆయన అక్కడే తేల్చేశాడు. "ఇగ ఊకో. గట్టు లేదు ఏం లేదు. ఎప్పటిలెక్క కోడలే పోస్తది."

నాకు ఒళ్లు మండింది. అంటే ఇక బతికినన్నాళ్లూ స్టూలూ, ఎత్తిన చేతులూనా? తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టాను. గోడకున్న స్టీలు రాడ్డు పట్టుకుని, పసుపూ కుంకుమా అన్నీ ఉన్న ఆ గడప మీద నిండుగా కూర్చున్నాను. మంచి కాలు అవతలికి వేశాను. రాడ్డు వేసిన కాలిని రెండు చేతులా ఎత్తి దాని పక్కన పెట్టాను. లేచి నిలబడి షవర్ తిప్పాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, వేడివి పెట్టమని అడగలేదు.

బయట తలుపు దబదబ బాదారు.

"అత్తమ్మా! ఎట్ల దాటినరు?"

"కూసున్న."

"గడప మీదనా?"

"అవ్. గడప మీదనే."

తర్వాత మెల్లగా అడిగింది, "వీపు రుద్దాల్నా అత్తమ్మా?"

"ఏం వద్దు, నువ్వు పో" అన్నాను.

వీపు మధ్యలోకి నా చెయ్యి అందలేదు. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.