ఇంటి బండికి ఫ్యూజు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ వీధిలో లేరు. అందరికీ ఫ్యూజు మాస్టారే. బండికి అదనపు లైట్లు బిగించమని ఎవరొచ్చినా ముందు పాఠం వినాల్సిందే. లైటుకీ బ్యాటరీకీ మధ్య ఫ్యూజు లేకపోతే ఒళ్లో నిప్పు పెట్టుకుని తిరిగినట్టేనని మొదలుపెట్టి, ఎదుటివాడి చేతిలో టీ చల్లారేదాకా వదిలేవాడు కాదు. పక్క షాపు టైర్లాయనకి ఆ పాఠం కంఠతా వచ్చు. మాస్టారికి దగ్గొస్తే మిగతాది ఆయన అందుకునేవాడు.

పనికి వంక పెట్టడానికి లేదు. కొత్త వైరు, దానికి తొడుగు, ప్రతి జాయింటుకీ సోల్డరింగు. ఆయన కట్టిన లైటు పాడై తిరిగొచ్చిందన్న మాట ఎవరూ వినలేదు.

కానీ ఆయనకో గుణం ఉంది. సొంతవాళ్ల పని అనేసరికి చేయి వదులైపోయేది. బయటివాళ్లకి కొత్త వైరు, మనవాళ్లకి మిగిలిన ముక్కలు. ఇంట్లో కాలింగ్ బెల్లు ఏళ్ల తరబడి టేపు మీదే బతుకుతోంది. భార్య సణిగితే, మనదే కదా, ఎక్కడికి పోతుంది అనేవాడు. పిసినారితనం అందామంటే అదీ కాదు. మనవాళ్లు ఏమీ అడగరన్న ధీమా. రెండింట్లో ఏది నయమో నాకైతే తెలియదు.

అల్లుడు పాల క్యాన్లు తోలడానికి పాత పికప్ కొన్నాడు. పొద్దున్నే పొగమంచులో దారి కనపడటం లేదు, ముందు రెండు లైట్లు పెట్టమని అడిగాడు. వరసలో ఇంటి బండి ఎప్పుడూ చివరే. చివరికి షాపు కట్టేసే వేళ మాస్టారు దాని మీద చెయ్యి వేశాడు. ఫ్యూజు ఒక్కటే మిగిలింది, అది పొద్దున రాబోయే లారీ వాళ్లకని పక్కన పెట్టాడు. సన్న వైరు ముక్కలు రెండు మెలిపెట్టి, టేపు చుట్టి, బ్యాటరీ నుంచి నేరుగా స్విచ్చికి లాగేశాడు. ఆదివారం తీసుకురా, ఫ్యూజు వేస్తానన్నాడు. లైట్లు వెలిగి ఎదురుగోడ తెల్లబడితే అల్లుడు మురిసిపోయాడు. ఆదివారాలు గడిచిపోయాయి. అల్లుడు గుర్తు చేయలేదు, మామగారు గుర్తు తెచ్చుకోలేదు.

మంచు దట్టంగా ఉన్న ఒక ఉదయం కూతురు చంటిపిల్లతో ఆ బండిలోనే పుట్టింటికి బయల్దేరింది. బంపరు అంచుకి రాసుకుని రాసుకుని టేపు ఎప్పుడో అరిగిపోయి ఉంది. వైరు ఇనుముకి తగిలింది. ఫ్యూజు ఉంటే అది కాలిపోయి కథ అక్కడితో ఆగేది. లేదు కనక వైరే ఎర్రగా కాలడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు కింద నుంచి పొగ కమ్ముకొచ్చింది. అల్లుడు బండి ఆపి, తల్లీపిల్లల్ని కిందికి తోసి, మండుతున్న వైరుని ఉత్తచేత్తో పట్టుకుని పీకేశాడు.

కబురు విని మాస్టారు పడుతూ లేస్తూ కూతురింటికి పరిగెత్తాడు. వెనకాలే టైర్లాయన. అల్లుడు అరచేతికి కట్టుతో గుమ్మంలో కూర్చుని, పలకరించిన ప్రతివాళ్లకీ వైరుని ఎలుక కొరికిందని చెబుతున్నాడు. పాపం, నిజంగానే అలా నమ్మాడు.

టైర్లాయన ఊరుకోలేదు. "మాస్టారి వైరింగు కాబట్టి చేతితో పోయింది. ఇంకెవరిదైనా అయితే బండి బూడిదయ్యేది" అన్నాడు. అందరూ మాస్టారి వైపు చూశారు.

ఎలుక కాదని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. కానీ మాస్టారు తలూపాడు. ఊపుతుంటే తల కొట్టేసినట్టయింది, అయినా ఊపాడు.

"నయం కాగానే బండి తెస్తా మావయ్యా, మళ్లీ మీరే బిగించాలి" అన్నాడు అల్లుడు. ఆ కట్టు వైపు చూడలేక మాస్టారు పెరట్లోకి తప్పుకున్నాడు.

అక్కడ కూతురు బండి బానెట్ ఎత్తి నిలబడి ఉంది, చంటిది భుజం మీద నిద్రపోతోంది. చిన్నప్పుడు బడి వదలగానే షాపులో స్టూలెక్కి కూర్చుని ఆయన వైర్లకి తోలు వలిచిన పిల్ల. ఆమె చేతిలో నల్లబడ్డ వైరు ముక్క ఉంది. మెలిపెట్టిన జాయింటు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంది. ఫ్యూజు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఆమె ఆ ముక్కని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాలుగు తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది.

"ఆయనకి చెప్పను నాన్నా" అంది చివరికి, పిల్ల లేవకుండా మెల్లగా. "కానీ ఈసారి మేం నీకు ఏమీ కామనుకో. ఎవరో బయటివాళ్లం అనుకుని చెయ్యి."