చచ్చిన ఎలుకకు నడక నేర్పినవాడు

గ్రిమ్స్‌బీ రేవులో విల్ఫ్ గార్బట్ పేరెత్తితే మనుషులు నవ్వుతారు. ఎలుకలు మాత్రం నవ్వవు. ముప్ఫైనాలుగేళ్ళపాటు ఆ ఊరి ఎలుకలకు యముడూ, చిత్రగుప్తుడూ, దున్నపోతూ అన్నీ అతనే. రేవు గోదాముల్లో, బేకరీల్లో, చర్చి అటకల మీద, ఎక్కడ కిచకిచమన్నా బోను భుజాన వేసుకుని విల్ఫే వచ్చేవాడు.

అతను చెప్పే ఎలుకల కథలు వినాలంటే నాలుగు గ్లాసుల బీరైనా ఉండాలి, అతనికీ మనకీ. చేపల గోదాములో ఒక ఎలుక మూరెడు చేపను నోట కరుచుకుని మెట్లెక్కుతుంటే కాపలా కుక్క లేచి పక్కకు జరిగి దారిచ్చిందట. ఆ ఎలుక బరువు విల్ఫ్ మొదటిసారి చెప్పినప్పుడు కిలో. మరుసటి క్రిస్మస్ నాటికి మూడు కిలోలైంది. చచ్చాక కూడా ఒళ్ళు చేసే ఎలుకలు ఒక్క గ్రిమ్స్‌బీలోనే పుడతాయి. కాదన్నవాళ్ళకు విల్ఫ్ ఎడమచేతి బొటనవేలి మొదట్లో ఉన్న మచ్చ చూపించేవాడు. నిజానికి ఆ మచ్చ వేరే చిన్న ఎలుకది. ఆ సంగతి భార్య నోరీన్‌కు తెలుసు, కానీ ఆవిడ పబ్బుకు రాదు.

రిటైరైన రోజున అందరి ఎదుటా గ్లాసు పైకెత్తి, "ఇక నా చేతిమీదుగా ఒక్క ఎలుకా చావదు," అన్నాడు విల్ఫ్. అంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అతను నవ్వలేదు. ఉద్యోగం చివరి ఏడాది, మూతపడిన ఒక బడిలో బోను పెట్టి మరిచిపోయాడు. వారం తర్వాత గుర్తొచ్చి పరిగెత్తాడు. బోను తీగల నిండా నెత్తురు. లోపల ఎలుక ఇంకా బతికే ఉంది. అతని వంక చూసింది. ఈ కథ మాత్రం అతను పబ్బులో ఎప్పుడూ చెప్పలేదు. దీని బరువు పెరగలేదు, తగ్గలేదు.

ఎలుకల మనిషి రిటైరయ్యాక ఏం పెంచుకుంటాడు? పిల్లినా? విల్ఫ్ ఊళ్ళోని పాముల సంఘంలో చేరాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ వదిలేసిన ఒక కొండచిలువను సంఘం అతనికి అప్పగించింది. నాలుగడుగుల చిన్న జాతిది, బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. దాని వీపు మీద వేలెడంత మేర చర్మం ముడతపడి మచ్చ కట్టి ఉంది. చూడగానే విల్ఫ్‌కు అర్థమైంది. అవి ఎలుక పళ్ళు. పాత యజమాని బతికున్న ఎలుకను పెట్టెలో వదిలేసి తన పని చూసుకున్నాడు. ఆకలి లేని పామును ఆ ఎలుకే కొరికింది.

విల్ఫ్ దానికి హెస్టర్ అని తన అత్తగారి పేరు పెట్టాడు.

"మా అమ్మ పేరే దొరికిందా నీకు?" అంది నోరీన్.

"ఏం పెట్టినా ముఖం తిప్పుకునేది మీ అమ్మ తర్వాత ఇదొక్కటే."

"మా అమ్మ నువ్వు వండితేనే తిప్పుకునేది. ఆ మాట కూడా చెప్పు."

హెస్టర్ నాలుగు నెలలు ముద్ద ముట్టలేదు. జబ్బేమీ లేదని పశువుల డాక్టరు చెప్పింది. విల్ఫ్ పాముల మేతగా దుకాణంలో అమ్మే చచ్చిన ఎలుకను ఫ్రీజర్ నుంచి తీసి, మంచు కరగనిచ్చి, వేడినీళ్ళలో వెచ్చబెట్టి, నోరీన్ తల ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టి, పటకారుతో పట్టి పైనుంచి దించేవాడు. హెస్టర్ నాలుక ఒక్కసారి బయటపెట్టి, తల దాచుకుని బంతి అయిపోయేది. సంఘంలో తలకొక సలహా ఇచ్చారు. కోడి పులుసులో ముంచమన్నారు. పెట్టె మీద దుప్పటి కప్పమన్నారు. ఒకాయన పాట పాడమన్నాడు. విల్ఫ్ అన్నీ చేశాడు, పాటతో సహా. పక్కింటివాళ్ళు తలుపు తట్టి ఎవరికి బాగాలేదని అడిగారు.

సంఘం పెద్ద క్లెమ్ రాడ్లీ. పదకొండు పాములున్నవాడు, పదకొండింటి గొప్పా ఒక్కడే చెప్పుకునేవాడు. అప్పగించిన పాము వెయ్యి గ్రాములకు దిగితే దాన్ని తిరిగి సంఘం పెద్దకు ఇవ్వాలని నియమం. శుక్రవారం మధ్యాహ్నం అతను విల్ఫ్ వంటింట్లోకి వచ్చి, నోరీన్ కేకుపిండి తూచే కాటా మీద హెస్టర్‌ను పెట్టాడు. వెయ్యీ ఇరవై.

"ఇంకో వారం ఇలాగే ఉంటే నీ పాము తోలుసంచీ అవుతుంది, విల్ఫ్," అన్నాడు క్లెమ్. "ఒక్కటంటే ఒక్కటి, బతికున్నది పెట్టు. అయిపోతుంది."

"పెట్టను."

"పాముకి కావలసింది మాంసం కాదయ్యా, కదలిక."

"దీని వీపు చూశావా? ఆ కదలికే చేసింది అది."

క్లెమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ముప్ఫైనాలుగేళ్ళు ఊరి ఎలుకల్ని ఊచకోత కోశావ్. ఇప్పుడు పాస్టరువయ్యావా? మరి నీ ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ ముసలితనంతో పోయాయా?"

"లేదు. వాటినీ చంపారు. కానీ రెప్పపాటులో పోయాయి. మూలకి నక్కి, తనని మింగేదాని వంక చూస్తూ పోలేదు. ఆ చావు ఎలా ఉంటుందో నీకంటే నాకు బాగా తెలుసు, క్లెమ్. నా ఇంట్లో అది జరగదు."

"అయితే నా ఇంట్లో జరుగుతుంది. ఆదివారం పదకొండింటికి వస్తాను. ఈలోగా తింటే నీది. లేదంటే నాతో వస్తుంది, ఆ సాయంత్రమే కడుపునిండా తింటుంది."

"పదకొండంటే పదకొండే. టీ తాగి రా, నా ఇంట్లో నీకు టీ పొయ్యను."

అతను వెళ్ళగానే విల్ఫ్ పంతం కొద్దీ ఇంకో ఎలుకను వెచ్చబెట్టాడు. పటకారుతో పట్టి హెస్టర్ ముక్కు ముందు కిందికీ పైకీ ఆడించాడు. హెస్టర్ బంతి అయిపోయింది. గుమ్మంలో చేతులు కట్టుకుని నోరీన్ చూస్తోంది.

"ఏంటది, జెండా ఊపుతున్నావా?"

"కదలిక చూపిస్తున్నా."

"ఆకాశంలోంచి దిగే ఎలుకని నువ్వెప్పుడైనా చూశావా? మొహంలో మొహం పెట్టి వచ్చే ఎలుకని? ఏ ఎలుక ఎక్కడ ఎలా నడుస్తుందో నా ప్రాణం తోడేస్తూ చెప్పేవాడివి. పెళ్ళిరోజు భోజనం దగ్గర కూడా అదే సొద."

విల్ఫ్ పటకారు దించేశాడు. గోడవారన నేలను చూస్తూ నిలబడ్డాడు.

ఊళ్ళో అందరికంటే ఎలుకను ఎక్కువ ఎరిగినవాడు, ఆ ఎరుకంతా బోనుతోపాటు గూటిలో పెట్టి తాళమేశాడు. ఎలుక నేల మధ్యలోంచి నడవదు. గోడను అంటిపెట్టుకుని, మీసాలు గోడకు రాసుకుంటూ పోతుంది. మూడడుగులు వేసి ఆగుతుంది. మూల దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగుతుంది. ఎదురుగా వచ్చే ఎలుక ఒక్కటే, తెగించినది. హెస్టర్‌ను కొరికింది అలాంటిదే. నాలుగు నెలలుగా అతను పళ్ళున్న మూతిని దాని మొహం మీదికి దించుతూ, తినమని బతిమాలుతున్నాడు.

శనివారమంతా విల్ఫ్ సాధన చేశాడు. కరిగిన ఎలుకను మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు కనుక ఒక బూడిదరంగు మేజోడులో బియ్యం పోసి, పటకారుతో పట్టి, ముందుగది గోడవారన నడిపించాడు. అరవయ్యేడేళ్ళవాడు బోర్లా పడుకుని పాకుతుంటే మేజోడు మూడడుగులు వేసి ఆగింది.

"మూల దగ్గర తొందరపడింది," అంది నోరీన్ అల్లిక సూదుల మీంచి చూస్తూ. "ఎలుకకంత ధైర్యం ఉండదన్నావుగా."

"అవును. మళ్ళీ మొదట్నుంచి వస్తా."

సాయంత్రానికి ఆ మేజోడు ఎంత బాగా నడిచిందంటే, కిటికీ బయటి పిల్లి మెడ సాచి, పంజా ఎత్తి, అద్దానికి తల కొట్టుకుంది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ అద్దం చూసుకోవచ్చు.

ఆదివారం పదకొండుకు పది నిమిషాల ముందే క్లెమ్ వచ్చాడు. చంకలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె. అందులో గోకుడు వినిపిస్తోంది.

"ఇంటికెళ్ళాక ఎందుకని బతికున్నదాన్ని ఇక్కడికే తెచ్చాను. నువ్వూ చూద్దువుగాని."

"పది నిమిషాలుంది," అన్నాడు విల్ఫ్ నేల మీద నుంచే. అప్పటికే బోర్లా పడుకుని, హెస్టర్ పెట్టె అద్దం తలుపు జరిపి, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టాడు. "పెట్టె అక్కడ పెట్టు. నోరు కూడా."

క్లెమ్ అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "చచ్చినదానికి వ్యాయామం చేయిస్తున్నావా?"

చచ్చిన ఎలుక హెస్టర్‌కు వీపు తిప్పి వెనకగోడ వారన నడిచింది. మూడడుగులు వేసింది, ఆగింది. గోడకు మీసాలు రాసుకుంది. మళ్ళీ రెండడుగులు. హెస్టర్ చుట్టల్లోంచి తల బయటికి వచ్చింది. నాలుక ఆడింది. మూల వచ్చింది. విల్ఫ్ మోచెయ్యి మండుతోంది. అయినా మూల దగ్గర ఆగాడు. నిన్న మేజోడు ఆగలేనంతసేపు ఆగాడు. క్లెమ్ కూడా ఊపిరి బిగబట్టాడు, తర్వాత ఒప్పుకోలేదు కానీ.

ఎలుక వెళ్ళిపోదామన్నట్టు ఒక్క అడుగు కదిలింది.

పటకారు చేతిలోంచి ఎగిరిపోయినట్టయింది. చూపు కుదురుకునేసరికి హెస్టర్ ఎలుకను మూడు చుట్లు చుట్టి, ఎప్పుడో చచ్చినదాన్ని మళ్ళీ బిగించి చంపుతోంది. విల్ఫ్ మెల్లగా తలుపు జరిపి, పాము పెట్టె మీద తువ్వాలు కప్పాడు. అతని గడ్డం మీద తివాచీ నూలుపోగులున్నాయి. వాటిని తుడుచుకోకుండానే గడియారం చూపించాడు. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ.

"ఒక్కసారి తింటే..." అని మొదలుపెట్టాడు క్లెమ్.

"వచ్చే ఆదివారం రా, మళ్ళీ తింటుంది. చేతులూపుకుంటూ రా."

అప్పుడు గోకుడు ఆగిపోయిన సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది. అట్టపెట్టె మూలన గుండ్రటి కన్నం. గోడవారన, మీసాలు రాసుకుంటూ, తెల్ల ఎలుక ఒకటి మూడడుగులు వేసి ఆగింది. మూల దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగింది. ఆ నడక చూసి విల్ఫ్ గర్వంగా తలాడించాడు, తనే నేర్పినట్టు.

క్లెమ్ బూటుకాలు టపామని వేశాడు. ఎలుక వంటింట్లోకి దూరింది.

"నెమ్మది," అన్నాడు విల్ఫ్. "హెస్టర్ భోంచేస్తోంది. అదిరితే కక్కేస్తుంది. బూట్లు విప్పు."

క్లెమ్ బూట్లు విప్పి మేజోళ్ళతో, మునివేళ్ళ మీద వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ వెనక్కి తొంగి చూశాడు. చెయ్యి పట్టలేదు. గొంతు తగ్గించి అన్నాడు, "విల్ఫ్, ఇలా రావయ్యా. పట్టేవాడివి నువ్వే కదా."

"నేను రిటైరయ్యాను."

"నోరీన్, నువ్వైనా చెప్పు."

నోరీన్ బిస్కెట్ల డబ్బా తెరిచి, ఒకటి విరిచి, సగం తను తింది. రెండో సగం ఫ్రిజ్ పక్కన గోడవారన పెట్టింది.

"నీకు కాదు, క్లెమ్," అంది.