వద్దన్న డిస్కు మీద ఫోర్స్

ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. ఆ రోజు పేజీలో మర్యాద తప్పిన మాటలున్నాయి. కొట్టివేయలేదు, కొట్టివేయను కూడా.

రెండువేల తర్వాతి సంవత్సరాల సంగతి. బాన్సువాడ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగం నా చేతిలో ఉండేది. ఏ రైతు ఏ రోజు చెరుకు నాటాడో సర్వర్‌లో ఉండేది. ఆ తేదీల వరుసలోనే కటింగ్ ఆర్డర్లు ఇచ్చేవాళ్లం. ఆర్డర్ లేనిదే చెరుకు కొట్టకూడదు. ఆలస్యమైతే చేనులోనే ఎండి తూకం పోతుంది. ఆ వరుస ఆగిందా, గొంతు పెద్దదైనవాడి బండే ముందు లోపలికొస్తుంది.

సర్వర్‌లో డిస్కులను గుంపుగా కట్టి, అందులోంచి కావలసినంత జాగా విడదీసి వాడుకునేవాళ్లం. అది చాలక కొత్త డిస్కు తెప్పించాం. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు సర్వర్ ఆపి దాన్ని బిగించాడు. మళ్లీ ఆన్ చేసేసరికి డిస్కుల పేర్లు తారుమారయ్యాయి. కొత్తదానిదనుకున్న పేరు తేదీలున్న డిస్కుకు వచ్చింది. అందుకే పేరు నమ్మకూడదు, సైజూ సీరియల్ నంబరూ చూడాలి. ఆయన చూడలేదు.

అదే సమయంలో డోంగ్లి నుంచి వచ్చిన ఒక అవ్వ పిలిస్తే వరండాలోకి వెళ్లాను.

"సారూ, నా ఆర్డర్ ఏమాయె? చెరుకు పూతకొచ్చింది. గీ వారం కొట్టకుంటె ఇగ పొయ్యిల పెట్టుడే."

"జర కూసో అవ్వా, గంటల ఇస్త."

లోపలికి వచ్చేసరికి జరిగిందంతా తెర మీద ఉంది. కొత్తదనుకుని ఆయన ఆ డిస్కు మీది గుర్తులు చెరపమన్నాడు. ఈ డిస్కు ఒక గుంపులో ఉంది, చెరపనని సర్వర్ చెప్పింది. ఈయన, వద్దన్నా చేయమనే 'ఫోర్స్' గుర్తు రెండుసార్లు పెట్టి, అడగబోయే ప్రశ్నకు ముందే 'అవును' కూడా తగిలించి కొట్టాడు. గుంపు ఆనవాలు చెరిగిపోయింది. ఇక ఫార్మాట్ ఆదేశం టైప్ చేస్తున్నాడు.

కీబోర్డు లాక్కున్నాను. "వద్దన్నది కనబడలేదా?"

"అది గట్లనే అంటది సార్. ఫోర్స్ పెడితే వింటది."

ఫోర్స్ అసలు వాడకూడదని నేననను. చచ్చిపోయిన డిస్కును గుంపులోంచి తీయడానికి నేనూ వాడాను. కానీ ముందు బ్యాకప్ తెరిచి చూసుకుని, సర్వర్ ఎందుకు వద్దంటోందో చదివి, చివరి ప్రశ్నకు 'అవును' నా వేలితో కొట్టాను. ఆ ప్రశ్న నోరు ముందే నొక్కేయడం పనితనం కాదు, పొగరు.

టేపు మీద బ్యాకప్ ఉంది. కానీ అదంతా ఎక్కేదాకా ఆర్డర్లు రోజుల తరబడి బంద్. అందుకే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయనివ్వలేదు. గుంపు వివరాల నకలు సర్వర్ మరో డిస్కులో ఉంచుకుంటుంది. దాన్నుంచి పాత గుర్తింపు తిరిగి పెట్టాం. తేదీలు దక్కాయి. ఫార్మాట్ అయి ఉంటే ఆ దారీ మూసుకుపోయేది.

"చూసిండ్రా సార్, ఏం గాలె. ఊకె బీపీ పెంచుకున్నరు," అని నవ్వాడు.

ఆర్డర్ అందుకుంటూ అవ్వ నిలదీసింది. "గంట అని పొద్దుగూకెదాక ఏం చేసిండ్రు లోపల?"

"గీ సారునే అడుగు. మిషన్ వద్దని చెప్తె గూడ ఇనలే."

అవ్వ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వద్దంటె ఆగనోణ్ణి మా ఊర్ల దున్నపోతంటరు బిడ్డా. దానికి గూడ ముక్కుతాడేస్తం."

ఈసారి ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి ఆయన్ను సర్వర్ గది గడప దాటనివ్వలేదు.