ఇంజనీరమ్మ మెడలో పైపు

ఆ రోజుల్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. అందరం మూతికి మాస్కులు కట్టుకుని తిరిగిన కాలంలో కూడా, దాని వెనక నుంచి నా కోతలు ధారాళంగానే వచ్చేవి. దుబాయ్‌కి దగ్గర్లోని సజ్జాలో నేను భవనాలకు పరంజీలు కట్టే కంపెనీ పనుల్లేక మూతపడింది. ధైద్ దగ్గర చిన్న మజ్రా (తోట) ఉన్న ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చే అరబ్బు యజమాని, తన పొలంలో పశువులు చూసే మనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసి వెళ్లి, మా ఇంట్లో ఇరవై పశువులున్నాయని, నేను పెరిగిందే కొట్టంలోనని చెప్పాను. (మాకున్నవి రెండు ఎడ్లు. మేత వేయమంటే బండెక్కి పారిపోయేవాణ్ని.)

అక్కడ ఒక ఆవు, ఒక పెయ్య ఉండేవి. పెయ్య పాపం సాధువు. ఆవు మాత్రం నాలుకతో గేటు గడియ తీసుకుని, కఫీల్ ప్రాణంగా పెంచుకునే కర్బూజా మడిలో దూరి, ఒక్కో కాయనూ కొరికి రుచి చూసి వదిలేసేది. ఆ ఇంట్లో వంట చేసే గోదావరి అక్క దానికి ఇంజనీరమ్మ అని పేరు పెట్టింది. "ఒక్క గేటూ వదల్దు తమ్ముడూ మహాతల్లి, అన్నీ చెక్ చేసుకునే వస్తాది" అని నవ్వేది. మూడోసారి మడి పాడయ్యాక కఫీల్ మాత్రం నవ్వలేదు. "ఔర్ ఏక్ బార్ గాయ్ బాహర్, తుమ్ ఖలాస్. సీదా ఇండియా" అన్నాడు. నాకు నిజంగా భయమేసింది. కంపెనీ లేదు, ఈ మజ్రా కూడా పోతే విమానం ఎక్కడమే. ఊళ్లోనేమో దుబాయ్‌లో సూపర్‌వైజర్‌నని చెప్పుకుని ఉన్నాను (అదీ ఈ నోరే).

సిగ్గు విడిచి ఊళ్లో ఉన్న మా బాపుకు ఫోన్ చేశాను. "దొంగగొడ్డు గదరా, మెడకు గుదికట్టె గట్టు. ఉరికితే కాళ్లకు తాకి ఆగుతది" అన్నాడు. కట్టె కోసం మజ్రా అంతా తిరిగినా సరైనది దొరకలేదు. షెడ్డు వెనక పరంజీ పైపు ముక్క ఒకటి కనబడింది. ఇంకేం, వచ్చిన విద్యే కదా, గట్టి ముడి వేసి వేలాడదీశాను.

శుక్రవారం కఫీల్ చుట్టాలతో అతిథుల గది మజ్లిస్‌లో కూర్చున్నాడు. ఇంజనీరమ్మ తల ఊపితే పైపు వెళ్లి గడియకు తగిలింది. గడియ ఊడింది. ఇక నాలుకతో కూడా పని లేదు! అయితే అది నడిచినంత మేరా పైపు స్తంభాలకు కొట్టుకుని ఠంగుఠంగున మోగింది. నేను పరుగున వెళ్లి మడి గట్టు మీదే దాన్ని పట్టుకున్నాను. ఒక్క కాయా పోలేదు. చప్పుడుకు చుట్టాలంతా బయటికొచ్చారు. కఫీల్ పైపును చూసి, నన్ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఊరటలో నా నోరు మళ్లీ జారింది. నాకు పశువుల పని రాదని చెప్పేశాను.

"మాలూమ్" అన్నాడు తాపీగా, ముందే తెలుసన్నట్టు. "పెహ్లా దిన్ తుమ్ ఛోటీ గాయ్ కా దూధ్ నికాల్‌తా థా."

(నిజమే. మొదటి రోజు పాలు పిండుదామని, ఇంకా ఈనని పెయ్య కింద గిన్నె పెట్టుకుని అరగంట కూర్చున్నాను.) మరి ఎందుకు ఉంచుకున్నారని అడిగాను. అరగంటలో ఒక్కసారి కూడా దాన్ని కొట్టలేదు కదా, మిగతాది నేర్చుకుంటావులే అనుకున్నానన్నాడు. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో నిజంగానే పరంజీ సూపర్‌వైజర్‌ని. మొన్న నా వయసువాడే ఒకతను పనికొచ్చి, పదేళ్ల అనుభవమని చెబుతూ సేఫ్టీ బెల్టు తలకిందులుగా తొడుక్కున్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నాకు మాత్రం పెయ్య కింద గిన్నె పెట్టుకుని కూర్చున్న మనిషి కనబడ్డాడు. బెల్టు విప్పి సరిగ్గా తొడిగి, రేపట్నుంచి రమ్మన్నాను.